ఇంటి సర్వర్‌కి యూపీఎస్: ఏది కొనాలి, ఎలా కలపాలి

పాత డెస్క్‌టాప్‌లో డెబియన్ లినక్స్ వేసి నెక్స్ట్‌క్లౌడ్ (ఫైళ్లకి సొంత క్లౌడ్) నడిపేవాళ్లున్నారు, మినీ పీసీ మీద ప్రాక్స్‌మాక్స్ పెట్టి నాలుగైదు వర్చువల్ మెషీన్లు (ఒకే కంప్యూటర్ లోపల విడివిడిగా నడిచే కంప్యూటర్లు) తిప్పేవాళ్లున్నారు, అరచేతిలో పట్టే రాస్ప్‌బెర్రీ పై కంప్యూటర్ మీద, ఇంట్లో స్మార్ట్ పరికరాలని నడిపే హోమ్ అసిస్టెంట్ ఒక్కటే పెట్టుకున్నవాళ్లూ ఉన్నారు. హైదరాబాద్‌లో ఉంటే ఎవరికైనా ఎండాకాలం సాయంత్రాలు ఒకటే టెన్షన్. ఏప్రిల్, మే నెలల్లో ఉన్నట్టుండి ఈదురుగాలి లేస్తుంది, ఎక్కడో కొమ్మ విరిగి తీగల మీద పడుతుంది, లైట్లు రెండుసార్లు మిణుకుమని ఆరిపోతాయి. ఒక్కోసారి అర నిమిషంలో కరెంటు తిరిగొస్తుంది, ఒక్కోసారి గంటలు పడుతుంది. ఈ రెండింటికీ సర్వర్‌ని సిద్ధం చేయడం ఎలాగో ఇక్కడ రాస్తున్నా.

యూపీఎస్ కొనడానికి షాపుకి వెళ్లగానే అందరూ అడిగేది "ఎంతసేపు బ్యాకప్ వస్తుంది?" అని. నన్నడిగితే దానికంటే ముందు అడగాల్సింది ఇంకోటి ఉంది: "కరెంటు పోయిందని ఇది నా సర్వర్‌కి చెప్పగలదా?" ఇరవై నిమిషాల బ్యాటరీ ఉండి సర్వర్‌కి కబురు చెప్పే యూపీఎస్, మూడు గంటల బ్యాటరీ ఉండి నోరు లేని యూపీఎస్ కంటే ఎంతో మేలు. ఎందుకంటే ఆ మూడు గంటలు అయిపోయిన క్షణాన కూడా సర్వర్ నడుస్తూ నడుస్తూనే ఢామ్మని ఆగిపోతుంది. అర్ధరాత్రి పోయిన కరెంటుకి తెల్లవారుజామున మూడింటికి లేచి షట్‌డౌన్ కొట్టేవాళ్లు ఎవరూ ఉండరు కదా.

ఢామ్మని ఆగితే ఏమవుతుంది? ఈఎక్స్‌టీ4 ఫైల్ సిస్టమ్‌కి జర్నల్ (మార్పుల చిట్టా) ఉంది, జెడ్‌ఎఫ్‌ఎస్ ఫైల్ సిస్టమ్ పాత డేటా మీద తిరగరాయదు, పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ ముందు లాగ్‌లో రాసుకుని తర్వాతే అసలు ఫైల్ ముట్టుకుంటుంది. ఇవన్నీ కరెంటు పోవడాన్ని దృష్టిలో పెట్టుకుని కట్టినవే. కానీ అన్నీ ఒక్క నమ్మకం మీద నిలబడ్డాయి: డిస్క్ "రాసేశాను" అంటే నిజంగా రాసేసినట్టే అని. మనం ఇంట్లో వాడే మామూలు ఎస్‌ఎస్‌డీల్లో, కరెంటు పోతే లోపలి క్యాష్‌ని (రాయాల్సింది కాసేపు దాచే మెమరీని) కాపాడే కెపాసిటర్లు ఉండవు, అవి డేటా సెంటర్ డిస్కుల్లో ఉంటాయి. కొన్ని చవక డిస్కులు రాయకుండానే రాశామంటాయి కూడా. మైక్రో ఎస్‌డీ కార్డుల సంగతి మరీ ఘోరం. రెయిడ్ 5 (కొన్ని డిస్కులని కలిపి, ఒకటి పోయినా డేటా నిలిచేలా చేసే అమరిక) పెట్టుకున్నవాళ్లకి ఇంకో బెడద, ఒక డిస్క్ మీద డేటా పడి, దాని ప్యారిటీ (పోయిన డేటాని తిరిగి లెక్కగట్టడానికి రాసుకునేది) పడేలోపు కరెంటు పోతే రెండూ పొంతన తప్పుతాయి, ఆ సంగతి మళ్లీ ఏదైనా డిస్క్ చచ్చినరోజు దాకా బయటపడకపోవచ్చు. అందుకే పద్ధతిగా షట్‌డౌన్ అవడం అంత ముఖ్యం.

లోడ్ ఎంతో కొలవండి, ఊహించొద్దు

ఎస్‌ఎమ్‌పీఎస్ (కంప్యూటర్ లోపల కరెంటు మార్చి ఇచ్చే పెట్టె) మీద 450 వాట్లు అని రాసి ఉంటే సర్వర్ 450 తింటుందని కాదు, అది గరిష్ఠంగా ఇవ్వగలిగింది. ఖాళీగా ఉన్న మినీ పీసీ 10 నుంచి 20 వాట్లు, పాత డెస్క్‌టాప్ 30 నుంచి 60, రాస్ప్‌బెర్రీ పై 4 అయితే 3 నుంచి 7 తీసుకుంటాయి. పెద్ద 3.5 అంగుళాల హార్డ్‌డిస్క్ ఒక్కోటి తిరుగుతున్నప్పుడు 5 నుంచి 8 వాట్లు, మొదట తిరగడం మొదలుపెట్టేటప్పుడు 20 దాటుతుంది. ఆఫీసులు వదిలించుకున్న ర్యాక్ సర్వర్ తెచ్చుకున్నారా, అది ఏ పనీ చేయకుండానే 100 పైన లాగేస్తుంది, దానికి లెక్క వేరే.

ప్లగ్ మీటర్ ఉంటే పని సులువు. లేకపోతే ఇంటి కరెంటు మీటరే చాలు. మీటర్ మీద ఎర్ర లైటు ఒకటి మిణుకుతుంటుంది, పక్కనే ఒక యూనిట్‌కి ఎన్ని మిణుకులో రాసి ఉంటుంది, చాలా మీటర్లకి 3200. యూనిట్ అంటే 1000 వాట్ అవర్లు, కాబట్టి ఒక మిణుకు 0.3125 వాట్ అవర్. అపార్ట్‌మెంట్ అయితే మీటర్లు కింద సెల్లార్‌లో ఉంటాయి కాబట్టి పైన ఇంట్లో ఒకరిని పెట్టండి, డీబీలో (ఇంట్లో స్విచ్‌లన్నీ ఉండే మెయిన్ బోర్డులో) సర్వర్ ఉన్న ఎమ్‌సీబీ తప్ప మిగతావన్నీ దించమనండి (ఫ్రిజ్ పది నిమిషాలు ఆగితే పాలేం విరగవు), ఆ లైన్ మీద ఫ్యాన్, చార్జర్ ఏదీ లేకుండా చూసుకుని, కింద ఫోన్‌లో పది నిమిషాల టైమర్ పెట్టి మిణుకులు లెక్కపెట్టండి. 16 వచ్చాయనుకోండి, 5 వాట్ అవర్లు పది నిమిషాల్లో, గంటకి 30, అంటే లోడ్ 30 వాట్లు. ఇదే పని సర్వర్ కష్టపడుతున్నప్పుడు, బ్యాకప్ నడిచేటప్పుడో జెల్లీఫిన్ (సినిమాలు చూపించే సర్వర్ ప్రోగ్రామ్) వీడియో ఫార్మాట్ మార్చేటప్పుడో ఇంకోసారి చేయండి. పెద్ద అంకెనే పట్టుకోండి.

యూపీఎస్ డబ్బా మీద పెద్ద అక్షరాలతో ఉండేది వీఏ (వోల్ట్ ఆంపియర్), మనకి కావాల్సింది వాట్లు. ఇక్కడ అమ్మే చిన్న యూపీఎస్‌లలో 600 వీఏ అంటే సాధారణంగా 360 వాట్లు, 1100 వీఏ అంటే 660. మీ లోడ్ ఆ వాట్లలో సగానికి మించకుండా చూసుకోండి, అంతకు మించితే బ్యాటరీ త్వరగా దిగిపోవడమే కాదు, పాతబడ్డాక కరెంటు పోగానే చేతులెత్తేస్తుంది కూడా.

ఎంతసేపు నడుస్తుందో ఇప్పుడు చూద్దాం. 600 వీఏలో మామూలుగా ఒక 12 వోల్టుల 7 ఏహెచ్ (ఆంపియర్ అవర్) బ్యాటరీ ఉంటుంది, అంటే కాగితం మీద 84 వాట్ అవర్లు. ఆ 7 ఏహెచ్ అనేది 20 గంటలపాటు మెల్లగా వాడితే వచ్చే అంకె, గబగబా లాగితే అంత రాదు, పైగా యూపీఎస్ తన కోసం కొంత తింటుంది. కాబట్టి సగం లెక్కేసుకోండి, 40 వాట్ అవర్లు. 50 వాట్ల సర్వర్, రూటర్ కలిపి 60 అయితే కొత్త బ్యాటరీతో అరగంట పైన, ఏడాదిన్నర రెండేళ్లు గడిచాక పావుగంటే దక్కొచ్చు. షట్‌డౌన్‌కి కావాల్సింది రెండు మూడు నిమిషాలు. అంటే చిన్న యూపీఎస్ కూడా చాలామందికి సరిపోతుంది, డబ్బులు పెద్ద బ్యాటరీ మీద కాక మంచి డేటా పోర్ట్ ఉన్నదాని మీద పెట్టండి.

ఏ రకం

మూడు రకాలు దొరుకుతాయి. ఆఫ్‌లైన్ యూపీఎస్ కరెంటు ఉన్నంతసేపు దాన్ని ఉన్నదున్నట్టు పంపిస్తుంది, పోగానే బ్యాటరీకి మారుతుంది, మారడానికి 10 మిల్లీసెకన్ల లోపు పడుతుంది. లైన్ ఇంటరాక్టివ్ కూడా అంతే కానీ దానికి లోపల వోల్టేజీ సర్దే ట్రాన్స్‌ఫార్మర్ ఉంటుంది, 190కి పడినా 260కి లేచినా బ్యాటరీ ముట్టుకోకుండా సరిచేసి పంపిస్తుంది. ఆన్‌లైన్ యూపీఎస్ ఎప్పుడూ ఏసీని డీసీ చేసి మళ్లీ ఏసీ చేస్తుంది, మారే సమయం సున్నా, కానీ ఇరవై నాలుగు గంటలూ ఫ్యాన్ తిరుగుతుంది, వేడెక్కుతుంది, కరెంటు బిల్లులో కనిపిస్తుంది. మంచి ఎస్‌ఎమ్‌పీఎస్ కరెంటు పోయాక కూడా దాదాపు 16 మిల్లీసెకన్లు ఓర్చుకునేలా డిజైన్ చేసి ఉంటుంది కాబట్టి ఇంటి సర్వర్‌కి లైన్ ఇంటరాక్టివ్ చాలు. నా ఓటు దానికే. వీధి చివర ట్రాన్స్‌ఫార్మర్ మీద అన్ని ఇళ్ల ఏసీలూ ఒకేసారి ఆన్ అయ్యే మే నెల రాత్రుల్లో, వోల్టేజీ సర్దే ఆ ట్రాన్స్‌ఫార్మర్ విలువ తెలుస్తుంది.

ఒక్క మెలిక ఉంది. చవకవి బ్యాటరీ మీద నడిచేటప్పుడు అసలైన సైన్ వేవ్ (మామూలు కరెంటులో ఉండే నునుపైన తరంగం) ఇవ్వవు, మెట్లుమెట్లుగా ఉండే తరంగం ఇస్తాయి. ల్యాప్‌టాప్ లాంటి అడాప్టర్ మీద నడిచే మినీ పీసీకి దాంతో ఇబ్బంది లేదు. కొత్త తరం 80 ప్లస్ (కరెంటు తక్కువ వృథా చేస్తుందనే గుర్తు) ఎస్‌ఎమ్‌పీఎస్‌లలో యాక్టివ్ పీఎఫ్‌సీ అనే సర్క్యూట్ ఉంటుంది, వాటిలో కొన్ని ఈ మెట్ల తరంగాన్ని చూసి ఠక్కున ఆగిపోతాయి. మీది అలాంటిదైతే ప్యూర్ సైన్ వేవ్ అని స్పష్టంగా రాసి ఉన్నదే కొనండి, లేదా కొన్న వారంలోనే పరీక్ష చేసి తేడా వస్తే మార్చుకునేలా షాపులో ముందే మాట తీసుకోండి.

డేటా పోర్ట్, షాపులో చూడాల్సింది

సికింద్రాబాద్‌లో కంప్యూటర్ షాపులుండే సీటీసీలో ఏ షాపుకి వెళ్లినా 600 వీఏ పెట్టెలు గోడకి పేర్చి ఉంటాయి. అందులో చాలావాటికి వెనకాల ప్లగ్ పాయింట్లు, ఫ్యూజ్ బటన్ తప్ప ఇంకేం ఉండవు. కొన్నిటికి ముందువైపు యూఎస్‌బీ ఉంటుంది, అది ఫోన్ చార్జింగ్‌కి. కౌంటర్ మీద పెట్టించి వెనక్కి తిప్పి చూడండి: మనకి కావాల్సింది ప్రింటర్‌కి ఉండేలాంటి చదరపు యూఎస్‌బీ సాకెట్, లేదా ఫోన్ వైర్ జాక్‌లా ఉండి పెట్టెలోనే ప్రత్యేకమైన యూఎస్‌బీ కేబుల్ వచ్చే పోర్ట్. ఓసారి నేనూ ఇలాగే తిప్పి చూస్తూ "అన్నా, ఈ యూఎస్‌బీ డేటాదా, చార్జింగ్‌దా?" అంటే "అన్నీ వస్తాయి సార్, పెట్టుకోండి" అన్నాడు. అన్నీ రావు. పెట్టె తీయించి, కేబుల్ చూసి, మోడల్ నంబర్‌ని అక్కడే నిలబడి ఫోన్‌లో నట్ ప్రాజెక్ట్ హార్డ్‌వేర్ పట్టికలో వెతికి చూసుకోండి. నట్ అంటే నెట్‌వర్క్ యూపీఎస్ టూల్స్, మనం వాడబోయేది అదే. పట్టికలో మీ మోడల్ పక్కన ఏ డ్రైవర్ రాసి ఉందో చూడండి. యూఎస్‌బీహిడ్-యూపీఎస్ అని ఉంటే హాయి, చార్జ్ శాతం, మిగిలిన సమయం, వోల్టేజీ అన్నీ చెబుతుంది. నట్‌డీఆర్‌వీ-క్యూఎక్స్ అని ఉంటే పనవుతుంది కానీ, ఆ యూపీఎస్‌లలో చాలావరకు వోల్టేజీ మాత్రమే చెబుతాయి, చార్జ్ శాతాన్ని డ్రైవరే అంచనా వేస్తుంది.

ఇంట్లో ఇన్వర్టర్ ఉంటే

మన ఇళ్లలో 150 ఏహెచ్ ట్యూబులర్ బ్యాటరీతో ఇన్వర్టర్ ఉండటం మామూలే. సర్వర్‌ని నేరుగా దాని మీద పెట్టొచ్చా? ముందు అది ఏ తరంగం ఇస్తుందో తెలుసుకోండి. కరెంటు పోయినప్పుడు ఫ్యాన్ గుర్రుమంటూ తిరుగుతుంటే అది స్క్వేర్ వేవ్, దాని జోలికి పోవద్దు. సైన్ వేవ్ అయితే వెనక యూపీఎస్ మోడ్, ఎకో మోడ్ అని స్విచ్ ఉంటుంది, యూపీఎస్ మోడ్‌లో పెట్టండి, ఎకోలో ఉంటే మారడానికి ఎక్కువ సమయం తీసుకుంటుంది, వోల్టేజీ బాగా పడిపోయేదాకా కదలదు.

నాకు బాగా నచ్చిన అమరిక ఇది: ఇన్వర్టర్ లైన్ మీద ఉన్న ప్లగ్‌లో డేటా పోర్ట్ ఉన్న చిన్న యూపీఎస్, యూపీఎస్‌కి సర్వర్. కరెంటు పోతే ఇన్వర్టర్ మారే ఆ కాస్త వ్యవధిని యూపీఎస్ కాస్తుంది, తర్వాత గంటల తరబడి ఇన్వర్టరే చూసుకుంటుంది. సర్వర్‌కి కరెంటు పోయిన సంగతే తెలియదు. చివరికి ఇన్వర్టర్ బ్యాటరీ కూడా అయిపోయినప్పుడు యూపీఎస్‌కి నిజంగా సరఫరా ఆగుతుంది, అప్పుడది సర్వర్‌కి చెబుతుంది, సర్వర్ షట్‌డౌన్ అవుతుంది. చిన్న కోత, పెద్ద కోత రెండూ దీంతో తీరిపోతాయి. ఇన్వర్టర్ మీదకి మారాక కూడా యూపీఎస్ బీప్ కొడుతూ బ్యాటరీ మీదే ఉండిపోతుంటే ఆ రెండిటికీ పడట్లేదని అర్థం, యూపీఎస్‌లో సెన్సిటివిటీ సెట్టింగ్ ఉంటే తగ్గించి చూడండి.

అపార్ట్‌మెంట్ జనరేటర్ లైన్ మీద పెట్టుకునేవాళ్లకీ ఇదే. వాచ్‌మన్ కిందికి వెళ్లి ఆన్ చేసేదాకానో, ఆటోమేటిక్ అయినా పది ఇరవై సెకన్లపాటో ఖాళీ ఉంటుంది, మొదలైన కాసేపు వోల్టేజీ, ఫ్రీక్వెన్సీ ఊగుతాయి. మధ్యలో చిన్న యూపీఎస్ తప్పదు.

చిన్న యూపీఎస్ మూత విప్పి పెద్ద ట్యూబులర్ బ్యాటరీ తగిలించేవాళ్లు ఉన్నారు. దయచేసి చేయొద్దు. అందులోని చార్జర్ 7 ఏహెచ్ బ్యాటరీకి సరిపడా చిన్నది, 150 ఏహెచ్ నిండడానికి రోజులు పడుతుంది, పైగా ఆ ట్రాన్స్‌ఫార్మర్ పదీ ఇరవై నిమిషాలు నడవడానికి చేసింది, గంటల తరబడి నడిపిస్తే కాలిపోతుంది. పాత సీల్డ్ బ్యాటరీ తీసి అదే సైజు లిథియం ఫాస్ఫేట్ బ్యాటరీ వేయడం కూడా అంత సులువు కాదు. లిథియం వోల్టేజీ చివరిదాకా దాదాపు ఒకేలా ఉండి ఉన్నట్టుండి పడిపోతుంది, లెడ్ బ్యాటరీ వోల్టేజీ చూసి శాతం లెక్కేసే యూపీఎస్‌కి అదేమీ అర్థం కాదు, "లో బ్యాటరీ" అని చెప్పేలోపే కథ ముగుస్తుంది. లిథియం కావాలంటే లిథియం కోసమే చేసిన యూపీఎస్ లేదా ఇన్వర్టర్ కొనండి.

రూటర్, ఓఎన్‌టీలని (ఫైబర్ వైర్ వచ్చి కలిసే పెట్టెని) మర్చిపోవద్దు. అవి 12 వోల్టులవే ఎక్కువ, వాటికి వేరుగా చిన్న డీసీ యూపీఎస్ దొరుకుతుంది, అడాప్టర్ మీద ఉన్న వోల్టులు సరిగ్గా కలవాలి, ఆంపియర్లు దానికి సమానంగానో ఎక్కువగానో ఉండాలి. ఫైబర్ నేరుగా ఇంట్లోకి వస్తుంటే దారిలో ఉన్న స్ప్లిటర్‌కి కరెంటు అవసరం లేదు కాబట్టి మీ ఇంట్లో కరెంటు లేకపోయినా చాలాసార్లు నెట్ ఉంటుంది. సెల్లార్‌లోని స్విచ్ పెట్టె నుంచి మామూలు నెట్‌వర్క్ కేబుల్ వస్తుంటే మాత్రం ఆ పెట్టెకి బ్యాటరీ ఉందో లేదో కేబుల్ అబ్బాయిని అడిగి తెలుసుకోండి.

ఎక్కడ పెట్టాలి, ఎర్త్ సంగతేంటి

పై అంతస్తులో స్లాబు కింద సజ్జ మీద సర్వర్, యూపీఎస్ పెట్టడం ఇక్కడ చాలా ఇళ్లలో చూస్తాం, ఎవరికీ అడ్డం రాదని. మేలో ఆ సజ్జ దగ్గర చెయ్యి పెట్టి చూడండి. లెడ్ బ్యాటరీ 25 డిగ్రీల దగ్గర హాయిగా ఉంటుంది, అక్కడి నుంచి ప్రతి 8, 10 డిగ్రీలకీ దాని ఆయుష్షు దాదాపు సగానికి పడిపోతుంది. నేల మీద, గాలి ఆడే మూల, గోడకి జానెడు దూరంలో పెట్టండి. నీళ్లు పోసే ట్యూబులర్ బ్యాటరీని మూసిన అల్మరాలో పెట్టకూడదు, చార్జ్ అయ్యేటప్పుడు హైడ్రోజన్ వస్తుంది.

ఎర్త్ గురించి ఎవరూ పట్టించుకోరు, నాకు మాత్రం ఇది ముఖ్యం. మన ఊరు బండ రాయి మీద ఉంది, ఎండాకాలం భూమి ఎండిపోతే ఎర్త్ గుంత పేరుకే ఉంటుంది. మల్టీమీటర్‌ని ఏసీలో పెట్టి ప్లగ్ పాయింట్‌లో న్యూట్రల్‌కి, ఎర్త్‌కి మధ్య కొలవమని ఎలక్ట్రీషియన్‌ని అడగండి. రెండు మూడు వోల్టుల్లోపు ఉంటే పర్వాలేదు, పది పదిహేను చూపిస్తే వైరింగ్ చూడాలి, ఎర్త్ గుంతలో నీళ్లు పోయించాలి. సర్వర్ డబ్బా ముట్టుకుంటే చిన్నగా జిల్లుమంటోంది అంటే అదే కారణం. ఉరుముల కాలంలో సర్జ్ ప్రొటెక్టర్ పనిచేయాలన్నా సరైన ఎర్త్ ఉండాలి.

నట్ పెట్టడం

యూఎస్‌బీ కేబుల్‌తో యూపీఎస్‌ని సర్వర్‌కి కలపండి. డెబియన్, ఉబుంటులో 'ఆప్ట్ ఇన్‌స్టాల్ నట్' అంటే సరిపోతుంది. ఇన్‌స్టాల్ అయ్యాక కేబుల్ ఒకసారి పీకి మళ్లీ పెట్టండి, పర్మిషన్లకి సంబంధించిన నియమాలు అప్పుడే అమల్లోకి వస్తాయి, ఇది చేయక "డివైస్ తెరవలేకపోతున్నా" అనే ఎర్రర్‌తో గంటలు పోగొట్టుకునేవాళ్లు చాలామంది. ప్రాక్స్‌మాక్స్ అయితే నట్‌ని హోస్ట్ (అసలు మెషీన్) మీదే పెట్టాలి, వర్చువల్ మెషీన్ లోపల కాదు. ట్రూనాస్ (స్టోరేజీ సర్వర్ల కోసం చేసిన ఓఎస్) లోపల ఉన్నది నట్టే, సెట్టింగ్స్‌లో నింపితే చాలు.

ఈటీసీలో (లినక్స్‌లో సెట్టింగ్ ఫైళ్లుండే చోటు) నట్ ఫోల్డర్ తెరిస్తే ఐదారు ఫైళ్లు కనిపిస్తాయి, చూసి కంగారు పడొద్దు. నట్ డాట్ కాన్ఫ్‌లో మోడ్ మొదట 'నన్' అని ఉంటుంది, అలాగే వదిలేస్తే ఏ సర్వీసూ లేవదు, ఒకే మెషీన్ అయితే 'స్టాండలోన్', ఇంకో మెషీన్‌కి కూడా కబురు పంపాలంటే 'నెట్‌సర్వర్' అని మార్చండి. యూపీఎస్ డాట్ కాన్ఫ్‌లో యూపీఎస్‌కి ఒక పేరు, డ్రైవర్ పేరు, పోర్ట్ దగ్గర 'ఆటో'. డ్రైవర్ ఏదో తెలియకపోతే నట్-స్కానర్ నడిపితే అదే రాసిస్తుంది. యూపీఎస్‌డీ డాట్ యూజర్స్‌లో ఒక యూజర్, పాస్‌వర్డ్. యూపీఎస్‌మాన్ డాట్ కాన్ఫ్‌లో మానిటర్ లైన్, అందులో అదే యూజర్, పాస్‌వర్డ్, చివర 'ప్రైమరీ'. పాత గైడ్లలో ఇక్కడ 'మాస్టర్' అని ఉంటుంది, 2.8 వెర్షన్ నుంచి మాట మారింది.

ఇప్పుడు యూపీఎస్‌సీ కమాండ్‌కి మీ యూపీఎస్ పేరిచ్చి చూడండి. వరసగా వివరాలు వస్తాయి. స్టేటస్ దగ్గర ఓఎల్ అంటే కరెంటు మీద ఉంది, ఓబీ అంటే బ్యాటరీ మీద ఉంది, ఎల్‌బీ అంటే బ్యాటరీ అయిపోవస్తోంది. ఓబీ, ఎల్‌బీ రెండూ కలిసి వస్తే నట్ తనంతట తానే షట్‌డౌన్ మొదలుపెడుతుంది. ఇన్‌పుట్ వోల్టేజీ కూడా చూపిస్తే దాన్ని రాసి పెట్టుకుంటూ ఉండండి, మీ ఏరియా లైన్ సంగతి మీకే తెలుస్తుంది.

అయితే ఎల్‌బీ దాకా ఆగమని నేను చెప్పను. పాతబడిన లెడ్ బ్యాటరీ 60 శాతం అని చూపిస్తూనే కుప్పకూలుతుంది. యూపీఎస్‌షెడ్ అనే చిన్న ప్రోగ్రామ్ నట్‌తోనే వస్తుంది, బ్యాటరీ మీదకి వెళ్లగానే టైమర్ మొదలుపెట్టి, కరెంటు వస్తే రద్దు చేసి, రాకపోతే షట్‌డౌన్ చేయమని చెప్పొచ్చు. చిన్న యూపీఎస్‌కి ఐదు నిమిషాలు మంచి అంకె. మిణుకుమని వచ్చే కోతలకి సర్వర్ కదలదు, ఐదు నిమిషాలు దాటితే ఇంకా సగం పైన బ్యాటరీ ఉండగానే దిగిపోతుంది.

షట్‌డౌన్‌కి నిజంగా ఎంతసేపు పడుతుందో కూడా గడియారం పెట్టి చూడండి. సిస్టమ్‌డీ (లినక్స్‌లో సర్వీసులని లేపి, ఆపే ప్రోగ్రామ్) మొండికేసిన సర్వీస్ కోసం మామూలుగా 90 సెకన్లు ఆగుతుంది. డాకర్ (ప్రోగ్రాములని కంటైనర్లనే విడి పెట్టెల్లో నడిపేది) అయితే కంటైనర్‌కి 10 సెకన్లే ఇచ్చి తర్వాత చంపేస్తుంది, డేటాబేస్ కంటైనర్‌కి అది చాలదు, కంపోజ్ ఫైల్‌లో (డాకర్ సెట్టింగ్ ఫైల్) ఆ గడువుని ఒక నిమిషానికి పెంచండి. ఇంత చేసి చివరి నిమిషంలో డాకరే డేటాబేస్‌ని పీక నొక్కితే ఏం లాభం.

రెండో మెషీన్ ఉంటే దాంట్లో మోడ్ 'నెట్‌క్లయింట్', మానిటర్ లైన్‌లో మొదటి మెషీన్ ఐపీ, చివర 'సెకండరీ'. మొదటిదాంట్లో యూపీఎస్‌డీ డాట్ కాన్ఫ్‌లో ఇంటి నెట్‌వర్క్ ఐపీ మీద 3493 పోర్ట్‌లో వినమని చెప్పాలి, ఆ పోర్ట్‌ని బయట ఇంటర్నెట్‌కి ఎప్పుడూ తెరవొద్దు. రెండిటి మధ్య ఉన్న నెట్‌వర్క్ స్విచ్ కూడా యూపీఎస్ మీదే ఉండాలి, లేకపోతే కరెంటు పోగానే స్విచ్ చచ్చిపోయి కబురే చేరదు.

అర్ధరాత్రి బీప్‌కి ఇంట్లోవాళ్లంతా లేచి కూర్చుంటారు. యూపీఎస్‌సీఎమ్‌డీతో బీపర్ డిసేబుల్ అనే కమాండ్ మీ యూపీఎస్ ఒప్పుకుంటుందేమో చూడండి, దీనికి యూపీఎస్‌డీ డాట్ యూజర్స్‌లో ఆ యూజర్‌కి కమాండ్లు పంపే అనుమతి కూడా ఇవ్వాలి. సర్వర్‌కి కబురు అందుతోంది కాబట్టి మనకి ఆ మోత అక్కర్లేదు.

కరెంటు తిరిగొచ్చాక

చాలామంది ఇక్కడ చిక్కుకుంటారు. సర్వర్ చక్కగా షట్‌డౌన్ అయింది, కరెంటు వచ్చింది, కానీ సర్వర్ మళ్లీ లేవలేదు. మీరేమో ఊళ్లో ఉన్నారు. ముందు బయోస్‌లో (మెషీన్ ఆన్ చేయగానే తెరవగలిగే సెట్టింగ్స్) 'ఏసీ పవర్ లాస్' సెట్టింగ్‌ని 'పవర్ ఆన్'లో పెట్టండి. 'లాస్ట్ స్టేట్' పెట్టొద్దు, పద్ధతిగా షట్‌డౌన్ అయిన మెషీన్‌కి చివరి స్థితి ఆఫ్ కాబట్టి అది ఆఫ్‌లోనే ఉండిపోతుంది.

అది చేసినా ఒక సందు మిగులుతుంది. సర్వర్ ఆగిపోయాక, యూపీఎస్ బ్యాటరీ ఇంకా ఉండగానే కరెంటు వచ్చేస్తే, సర్వర్ దృష్టిలో కరెంటు అసలు పోనేలేదు, కాబట్టి లేవదు. దీనికి మందు ఏంటంటే షట్‌డౌన్ చివరి అడుగులో సర్వరే యూపీఎస్‌కి "నీ అవుట్‌పుట్ కాసేపు ఆపి, కరెంటు ఉంటే మళ్లీ ఇవ్వు" అని చెప్పి వెళ్లడం. నట్ దీన్ని కిల్‌పవర్ అనే ఫైల్ ద్వారా చేస్తుంది, యూపీఎస్‌మాన్ డాట్ కాన్ఫ్‌లో పవర్‌డౌన్‌ఫ్లాగ్ లైన్ ఉందో లేదో చూసుకోండి. యూఎస్‌బీహిడ్ డ్రైవర్‌లో ఆ చెప్పిన 20 సెకన్లకి అవుట్‌పుట్ ఆగుతుంది. సెకండరీ మెషీన్లు నెమ్మదిగా ఆగేవైతే వాటి మీద కూడా వేటు పడుతుంది కాబట్టి ప్రైమరీలో ఫైనల్‌డిలేని, అవసరమైతే డ్రైవర్‌లో ఆఫ్‌డిలేని పెంచండి.

మీ యూపీఎస్ ఈ కమాండ్ ఒప్పుకోకపోతే ఇంకో దారి ఉంది. యూపీఎస్ మీద లేని రాస్ప్‌బెర్రీ పై ఒకటో, మన స్క్రిప్టులు నడపనిచ్చే ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ రూటర్ ఒకటో ఉంటే, అది కరెంటు రాగానే తనంతట తానే లేస్తుంది, లేచిన ఐదు నిమిషాలకి వేక్ ఆన్ ల్యాన్ (నెట్‌వర్క్ మీదుగా మెషీన్‌ని ఆన్ చేసే పద్ధతి) ప్యాకెట్ పంపి సర్వర్‌ని లేపేలా చిన్న స్క్రిప్ట్ పెట్టుకోండి. ఆ ఐదు నిమిషాలు కావాలనే ఆగాలి, గాలివాన రోజుల్లో కరెంటు వచ్చినట్టే వచ్చి మళ్లీ పోతుంటుంది.

పరీక్ష

పెట్టిన రోజునే పరీక్షించండి, గాలివాన వచ్చేదాకా ఆగొద్దు. మొదటిసారి సర్వర్‌ని నేరుగా గోడ ప్లగ్‌లో ఉంచి, యూపీఎస్‌కి 60 వాట్ల పాత ఫిలమెంట్ బల్బు తగిలించి, యూఎస్‌బీ కేబుల్ మాత్రం సర్వర్‌కి కలిపి చూడండి. గోడ మీద స్విచ్ ఆపండి, ప్లగ్ పీకొద్దు, పీకితే ఎర్త్ కూడా తెగిపోతుంది. స్టేటస్ ఓబీకి మారిందా, ఐదు నిమిషాలకి సర్వర్ షట్‌డౌన్ అయిందా, యూపీఎస్ బల్బుని ఆర్పిందా, స్విచ్ వేశాక బల్బు వెలిగిందా, అన్నీ కళ్లతో చూడండి. తర్వాత సర్వర్‌ని యూపీఎస్ మీదకి మార్చి ఇదే మళ్లీ చేయండి. ఆ తర్వాత మూడు నెలలకోసారి, ముఖ్యంగా మార్చిలో ఒకసారి, జూన్‌లో వానలు మొదలయ్యేముందు ఒకసారి.

సీల్డ్ బ్యాటరీ మన వేడికి రెండు మూడేళ్లకి మించి నమ్మదగ్గది కాదు. కొత్తది వేసిన రోజునే తేదీ రాసి స్టిక్కర్ అంటించండి. రెండు బ్యాటరీలున్న యూపీఎస్ అయితే రెండూ ఒకేసారి, ఒకే కంపెనీవి మార్చాలి, పాతదాన్ని కొత్తదానితో జత చేస్తే పాతది కొత్తదాన్ని కూడా లాగేస్తుంది. కోఠి గుజరాతీ గల్లీలోనూ రాణిగంజ్‌లోనూ 7 ఏహెచ్ బ్యాటరీలు దొరుకుతాయి, బ్యాటరీ మీద తయారీ తేదీ చూసి ఆరు నెలలకంటే పాతదైతే వేరేది ఇవ్వమనండి, షెల్ఫ్‌లో చార్జ్ లేకుండా పడున్నది వాడకముందే పాడైపోయి ఉండొచ్చు. పక్కలు ఉబ్బిన బ్యాటరీని బలవంతంగా లాగొద్దు, యూపీఎస్ ఆపి, వైర్లు తీసి, చుట్టూ ఉన్న రేకు వదులు చేసి తీయండి. పాతదాన్ని చెత్తబండిలో వేయకుండా కొత్తది కొనే షాపులోనే ఇవ్వండి, 2022 బ్యాటరీ వ్యర్థాల నిబంధనల ప్రకారం వాటిని తిరిగి సేకరించే బాధ్యత తయారీదారులదే, లోపల సీసం ఉంటుంది కాబట్టి షాపువాళ్లు ధరలో కొంత తగ్గిస్తారు కూడా, అడిగి తగ్గించుకోండి.